ప్రభుత్వం వారి చంకలు

చంక అనేది మనిషి ఒంట్లో ఒక భాగమని మీరు ఇంకా అనుకుంటున్నారంటే, గెజిట్ చదవడం లేదన్నమాట. చదివే అలవాటు ఉంటే ఈ పాటికి మీకు తెలిసేది: చంక ఖనిజ నిక్షేపం. దాని మీద సర్వహక్కులూ ప్రభుత్వం వారివి. మీరు దాన్ని అటూ ఇటూ మోసుకు తిరిగే మనిషి మాత్రమే. ఆ ఉత్తర్వు రాసింది నేనే. అందులో ఒక్క తప్పు చూపించండి, చెవి కోయించుకుంటాను.

నా పేరు కోదండపాణి. బెజవాడలో సూక్ష్మలోహ పరిరక్షణ మండలి అనే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఈ మండలి పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, నేను కాదనను. జనం చంకల్లో రాసుకునే రోలాన్లు, కొట్టుకునే స్ప్రేలు, వీటిల్లో ఏమేం లోహాలున్నాయో పరీక్ష చేసి, ప్రమాదముంటే చెప్పాలి. చెమట పట్టకుండా చేసే రకాల్లో అల్యూమినియం ఉప్పు ఉంటుంది. అదేం దాపరికం కాదు, సీసా మీదే రాసి ఉంటుంది. దానితోపాటు కొన్నిట్లో సీసం, నికెలు, కాడ్మియం ఆనవాళ్లు, ఉన్నాయా లేవా అన్నంత. మా ల్యాబు వాళ్లు కిందా మీదా పడి పరీక్షలు చేసి నివేదిక ఇచ్చారు. "ఆనవాళ్లు కలవు. ఇంకను చూడవలెను" అని. ఇంకను చూడవలెను అన్న ఒక్క ముక్కతో ఏ ఆఫీసైనా తరాలపాటు హాయిగా నడుస్తుంది. మాదీ నడిచేదే. మా ఖర్మ కాలి సరిగ్గా అప్పుడే కొత్త డైరెక్టరుగారు వచ్చారు.

ఆయన పేరు పరాంకుశంగారు. ఆరడుగుల మనిషి, నీలం రంగు సఫారీ, నీతికి నిలువుటద్దం. వస్తూనే తన గది గుమ్మానికి దిష్టి తగలకుండా నల్లతాడుతో పటిక ముక్క వేలాడగట్టించారు. తరవాత అందర్నీ పిలిచి కూర్చోబెట్టారు.

"లోహము ఉన్నదా, లేదా?" అన్నారు.

"ఆనవాళ్లండీ..." అని ల్యాబు ఆఫీసరు నసిగాడు.

"ఉన్నదా, లేదా?"

"ఉన్నదండీ."

"భూమిలో లోహముంటే దానినేమందురు?"

"గని అంటారండీ."

"గని ఎవరిది?"

"ప్రభుత్వానిదండీ."

"మరి చంకలో ఉంటే?"

డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈ మండలి ఇంతకాలమూ లోహము కొరకు సీసాలలో వెదికినది. పూసుకొనిన పిదప లోహము సీసాలో ఎందుకుండునయ్యా? ప్రతి ఉదయమూ కోట్లాది ప్రజలు దేశ సంపదను చంకన పెట్టుకుని పోవుచుండగా, మనము చూచుచూ కూర్చుంటిమి!"

ఆహా, ఏం తర్కం! మేమంతా ఆనందం పట్టలేక చంకలు గుద్దుకోబోయాం. కానీ అప్పటికే అవి ప్రభుత్వానివని తేలిపోయింది కాబట్టి మానుకున్నాం.

"తమరి సంగతేమిటండీ మరి?" అని ల్యాబు ఆఫీసరు నోరు జారాడు.

"నేను రసాయనములు ముట్టని మనిషిని. నా చంకలు నిష్కళంకములు" అన్నారు డైరెక్టరుగారు. ఆ మాటతో సభ ముగిసింది.

ఉత్తర్వు వెలువడ్డాక సర్వే మొదలైంది. ఇన్స్పెక్టర్లకి ఎర్రజెండాలు, టేపులు, లక్క, ముద్రలు ఇచ్చారు. డైరెక్టరుగారే స్వయంగా తరగతులు తీసుకున్నారు. అందులో ఫస్టు వచ్చినవాడు సుభానీ అని తెనాలి కుర్రాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అదే వాడితో ఇబ్బంది. ఎడమ చంకకి ఒక సర్వే నంబరు, కుడి చంకకి ఒక సర్వే నంబరు ఇచ్చారు. పొడుగు చేతుల చొక్కావాళ్లవి భూగర్భ గనులుగానూ, చేతుల్లేని జాకెట్టువాళ్లవి ఓపెన్ కాస్టు గనులుగానూ నమోదు చేశారు. వ్యాయామశాలలో ఒక వస్తాదుని చూసి సర్వే బృందం ఆనందంతో కంటతడి పెట్టుకుంది. అంత విస్తీర్ణం జిల్లాలో ఇంకెక్కడా లేదట.

లైసెన్సు లేకుండా చెయ్యెత్తడం గని తెరవడం కిందికి వస్తుంది. చెయ్యెత్తి నడవడం ఖనిజం అక్రమ రవాణా కిందికి వస్తుంది. ఈ రెండు నిబంధనలూ అమల్లోకి వచ్చిన రోజు బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, కనుబొమ్మలతో బండ్లని నడిపించాడు. అటు ఏలూరు దాకా ఆగిపోయాయని చెప్పుకున్నారు. సిటీ బస్సుల్లో జనం పైకమ్మీ పట్టుకోవడం మానేసి ఒకళ్ల నడుములు ఒకళ్లు పట్టుకున్నారు. బళ్లో పిల్లలు ఒంటేలుకి చెయ్యెత్తలేక నిక్కర్లు పాడుచేసుకున్నారు. ఒక రాజకీయ సభలో నాయకుడు "మీరంతా నాతోనే ఉన్నారా? అయితే చేతులెత్తండి!" అని అరిస్తే, ఒక్క చెయ్యి లేవలేదు. పాపం ఆ పెద్దమనిషి ఆ రోజే రాజకీయ సన్యాసం పుచ్చుకున్నాడు.

మా మండలికి పేరొచ్చింది. నాకూ గర్వంగానే ఉండేది, నా పెళ్లి కుదిరేదాకా.

నా సంగతి దాచుకోకుండా చెబుతాను. నా చెమట సామాన్యమైనది కాదు. ఏప్రిల్ వచ్చిందంటే నా పక్క సీటు ఖాళీ అవుతుంది, మే నెలలో నా వరసంతా ఖాళీ అవుతుంది. ముప్పై ఆరేళ్లొచ్చినా ఏ సంబంధమూ పెళ్లిచూపులు దాటి ముందుకు పోలేదు. ఫ్యాను వేసి కాఫీలిచ్చేవాళ్లు, ఫ్యానుకి ఎదురుగా నేను కూర్చునేవాణ్ణి, కాసేపటికి అమ్మాయి తరఫువాళ్లు "మీకు కబురు చేస్తామండీ" అని లేచేవాళ్లు. ఆ కబురు ఎప్పుడూ రాలేదు.

హైమవతిని చూడబోయిన రోజు మాత్రం దొంగచాటుగా రోలాన్ రాసుకుని వెళ్లాను. ఆ అమ్మాయి పోస్టాఫీసులో పార్శిళ్ల కౌంటరులో పనిచేస్తుంది. నన్ను సూటిగా చూసి మాట్లాడింది.

"నాకు ఆస్తీ అక్కర్లేదు, అందమూ అక్కర్లేదండీ. రోజూ గుడివాడ నుంచి బస్సులో వస్తా. పైకమ్మీ వదిలేసి మీద మీదకి ఒరుగుతారే మగాళ్లు, ఆ కంపుకి సగం ప్రాణం అక్కడే పోద్ది. ఇంటికెళ్లాక కూడా అదే కంపు అంటే నా వల్ల కాదు. అదొక్కటీ లేకపోతే చాలు."

పక్కనున్న వాళ్ల అమ్మమ్మ ముందుకి వంగి, నా చుట్టూ గాలి పీల్చి, "మల్లెపూలే తల్లీ! మనిషి మల్లెపూలే!" అని తీర్పు చెప్పింది. లగ్గం పెట్టుకున్నారు.

అప్పుడు పడింది నా గొంతులో వెలక్కాయ. ఇక రోజూ రోలాన్ రాసుకోవాలి, దానికీ లైసెన్సు కావాలి. లైసెన్సుకి దరఖాస్తు పెడితే, గని చుట్టుపక్కల నివసించేవారికి అభ్యంతరం లేదని పత్రం తెమ్మన్నారు. నా చంక చుట్టుపక్కల ఎవరు నివసిస్తారండీ? నేనే నివసిస్తాను. నాకు నేనే పత్రం రాసిస్తే, దరఖాస్తుదారుడు తనకు తాను ఇరుగుపొరుగు కాజాలడు అని తిప్పికొట్టారు. ఆ వాక్యం ఎంత గట్టిదో నాకు తెలుసు. నేను రాసిందే. చేసేది లేక లైసెన్సు లేకుండానే తలుపులు బిగించుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. ఆఫీసులో చేతులు పక్కలకి అంటిపెట్టుకుని, బొమ్మలాగా తిరిగాను.

పెళ్లి ఇంకో వారం ఉందనగా డైరెక్టరుగారు పిలిచి, "కోదండపాణీ, ఆ బీరువా మీది చంకల ఫైలు అందుకో" అన్నారు.

అలవాటు కొద్దీ అందుకున్నాను.

గదంతా మల్లెపూల వాసన కొట్టింది. డైరెక్టరుగారు కళ్లు మూసుకుని ఒక్కసారి పీల్చి, కళ్లు తెరిచి, బెల్లు కొట్టారు. సుభానీ లక్కా కొవ్వొత్తీ పట్టుకుని వచ్చాడు.

"సార్, నా పెళ్లి సార్! దయుంచండి సార్!" అని కాళ్లావేళ్లా పడ్డాను.

"కోదండపాణీ, నీ పట్ల మాకు వ్యక్తిగతముగా సానుభూతి కలదు. శాఖాపరముగా లేదు" అన్నారాయన.

సుభానీ నా మోచేతి పైన ఒక చుట్టూ, ఛాతీకి ఒక చుట్టూ పురికొస కట్టి, రెంటినీ కలిపి ముడేసి, ముడి మీద లక్క కరిగించి, ఇత్తడి ముద్ర గుద్దాడు. రెండో వైపూ అంతే చేశాడు. చెయ్యి నడుం దాటి పైకి లేస్తే ముడి తెగుతుంది. తెగితే జైలు.

"స్నానం ఎలాగయ్యా?" అన్నాను.

"సీలు మీద నీళ్లు పొయ్యకూడదన్నా. గనిలో నీళ్లు చేరితే భద్రతా నిబంధనలకి విరుద్ధం. ఆ రూలు రాసింది నువ్వేగా, మర్చిపోయావా?" అన్నాడు సుభానీ. వాడి గొంతులో వెటకారం లేదు, అదే నా బాధ.

రోలాన్ లేదు, స్నానం లేదు, బెజవాడ మే నెల ఎండ. ఇక మీరే ఊహించుకోండి. కాదు, వద్దు, ఊహించుకోవద్దు.

పెళ్లిరోజున మా అమ్మ గుండె దిటవు చేసుకుని కళ్యాణ తిలకం దిద్దింది. మా బాబాయి నా మీద ఒక సీసాడు పన్నీరు జల్లాడు గానీ, అది పాడైన పన్నీరులాగా వాసన కొట్టిందే తప్ప మేలేమీ జరగలేదు. కండువా కింద రెండు ఎర్రటి లక్కముద్రలతో, రెక్కలు కట్టేసిన కోడిపుంజులా పీటల మీద కూర్చున్నాను. ప్రభుత్వ ఆస్తికి కాపలా నిమిత్తం డైరెక్టరుగారూ, సుభానీ ముందు వరసలో కూర్చున్నారు. వచ్చినవాళ్లందరికీ ఇచ్చినట్టే, గుమ్మంలో పన్నీరు జల్లి వాళ్లకీ గుప్పెడు అక్షింతలు ఇచ్చారు. డైరెక్టరుగారు వాటిని నిబంధనల ప్రకారం నడుం మట్టంలోనే పట్టుకున్నారు.

అడ్డుతెర పట్టారు. తెరకి అటు హైమ, ఇటు నేను. నా గుండె దడదడలాడుతోంది. గుండె దడ వస్తే నాకు ఇంకా చెమట పడుతుంది.

తెర అవతల నుంచి హైమ గొంతు, మెల్లిగా: "అమ్మమ్మా, ఇక్కడెక్కడో ఏదో చచ్చిందే."

"ఎలకేమోనే తల్లీ. హాలువాళ్లు శుభ్రం చెయ్యలా" అంది అమ్మమ్మ.

"ఎలక్కాదు. ఈ వాసన నాకు తెలుసు. ఇది బస్సు." తెరకి దగ్గరగా వంగి, "ఏవండీ, అది మీరేనా?" అంది.

ఆ పిల్ల అడిగింది ఒకే ఒక్కటి. అదొక్కటీ ఇవ్వలేకపోయాను. ఇప్పుడు తను పీటల మీంచి లేచిపోయినా తప్పు పట్టే మొహం నాకు లేదు.

"నేనే హైమవతిగారూ. నన్ను ప్రభుత్వం వారు సీలు చేశారండీ" అన్నాను. ఏడుపు ఆపుకోవడం నా తరం కాలేదు.

పురోహితుడుగారికి ఇవేమీ పట్టలేదు. ముహూర్తం దాటిపోతోందని ఆయన కంగారు ఆయనది. "నాయనా, జీలకర్రా బెల్లం! అమ్మాయి తల మీద చెయ్యి పెట్టు, పెట్టు, పెట్టాలి!" అని నా చేతిలో ముద్ద పెట్టి తొందర చేశాడు.

డైరెక్టరుగారు లేచారు. "వీలు లేదు. వరుని హస్తము శిరస్సు మట్టమునకు లేచినయెడల సదరు గని తెరవబడినట్లు భావించబడును. విడుదల ఉత్తర్వు వచ్చు వరకు ముహూర్తమును వాయిదా వేయవలసినదిగా పురోహితుల వారిని ఆదేశించడమైనది."

"ముహూర్తాన్ని వాయిదా వెయ్యడానికి అదేమన్నా మీ ఆఫీసు మీటింగు అనుకున్నావటయ్యా!" అని పురోహితుడుగారు భగ్గుమన్నాడు. అని, సన్నాయివాళ్ల వైపు తిరిగి, ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు: "గట్టిమేళం! గట్టిమేళం!"

డోలు దద్దరిల్లింది. సన్నాయి ఆకాశాన్నంటింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. తెలుగువాడు దేన్నయినా ఆపుకుంటాడు. నవ్వు ఆపుకుంటాడు, కోపం ఆపుకుంటాడు, మే నెలలో చేతులు కిందకి దించుకుని బస్సులో నిలబడతాడు. కానీ చేతిలో అక్షింతలుండగా గట్టిమేళం మోగితే, వాడి చెయ్యి వాడి మాట వినదు. పక్కన తాతగారు నిద్దరోతున్నా సరే, ఆ చప్పుడికి చెయ్యి దానంతటదే లేస్తుంది. హాలంతా చేతులు లేచాయి. ఆడవాళ్లవి, మగవాళ్లవి, వంటవాళ్లవి, వీడియో తీసేవాడిది. జిల్లాలో ఇన్నాళ్లూ కష్టపడి మూయించిన గనులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పసుపు బియ్యం వాన కురిసింది.

అన్నిటికన్నా ఎత్తుగా లేచిన చెయ్యి ఆరడుగుల పరాంకుశంగారిది.

సుభానీకి తరగతుల్లో నేర్పింది ఒకటే. చెయ్యి లేస్తే మొహం చూడకు, చంక చూడు. వాడు చూశాడు. నీలం సఫారీ మీద, చంక కింద, అరచెయ్యంత తెల్లటి చార! సముద్రం ఒడ్డున ఉప్పుమడిలా పెచ్చు కట్టి మెరుస్తోంది.

సుభానీ విజిలు ఊదాడు. "చెయ్యి దించకండి సార్! తెరిచిన గనిని తనిఖీ పూర్తయ్యేదాకా ముయ్యకూడదు!"

"ఓరి మూర్ఖుడా! ఇది పటిక! మా తాతముత్తాతల నాటి పటిక! స్నానము చేసి రుద్దుకొందును. ఇందులో రసాయనమెక్కడిది, లోహమెక్కడిది?"

"పటికంటేనే అల్యూమినియం ఉప్పు సార్. మన ల్యాబు నివేదికలోనే ఉంది. లోహం మారుపేర్లు పెట్టుకుని తిరుగుద్ది, మీరు మోసపోవద్దని క్లాసులో తమరేగా చెప్పింది?" సుభానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మీ మీద నాకు దేవుడి మీదున్నంత గౌరవం సార్. ఆ గౌరవంతోనే సీలేస్తన్నా."

ఆయన్ని మెచ్చుకోవాలి. మొహం నల్లబడింది గానీ మాట తప్పలేదు. "నిబంధన నిబంధనయే. కానిమ్ము" అన్నారు, చెయ్యి దించకుండా. సుభానీ కొవ్వొత్తి వెలిగించాడు.

ఈ గొడవలో తెర పక్కకి జరిగింది. జరిపింది హైమే. కండువా తొలగించి నా లక్కముద్రల్ని దగ్గరగా, వృత్తి రీత్యా చూసింది. ముక్కుకి పమిట చెంగు అడ్డం పెట్టుకున్న మాట నిజమే, కానీ లేచిపోలేదు.

"ఇవి ఎప్పుడేశారండీ?"

"వారం అయిందండీ. స్నానం కూడా చెయ్యనివ్వలేదు."

"ఇన్నాళ్లూ ఇట్టాగే ఉన్నారా? నాకు ఒక్క మాట చెప్పొద్దూ!" అని నొచ్చుకుంది. తరవాత సుభానీ వైపు తిరిగింది. "ఏమయ్యా ఇన్స్పెక్టరూ, నేను రోజూ లక్కముద్రల పార్శిళ్లతోనే బతుకుతా. సీలేసిన పార్శిల్ని దారిలో ఎవరూ విప్పకూడదు, ఒప్పుకుంటా. చేరాల్సిన చోటికి చేరాక, ఎవరి పేర వచ్చిందో వాళ్లు విప్పుకోవచ్చు. అది అన్ని రూళ్ల కంటే పాత రూలు. ఈయన ఎవరి పేర వచ్చాడో శుభలేఖ మీద చూసుకో."

సుభానీ జేబులోంచి శుభలేఖ తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. రూలుకి రూలు ఎదురొస్తే వాడికి పరమానందం. "కరెక్టే మేడమ్" అన్నాడు.

హైమ పుటుక్కున ఒక ముడి తెంపింది. పుటుక్కున రెండోది తెంపింది. డోలు ఇంకా మోగుతూనే ఉంది. నేను చెయ్యెత్తి ఆమె తల మీద జీలకర్రా బెల్లం పెట్టాను. పెడుతున్నంతసేపూ ఆమె ఊపిరి బిగబట్టుకునే ఉంది. ఆ బిగబట్టడంలో నాకు కనిపించిన ప్రేమ ఏ శృంగార శతకంలోనూ ఉండదు.

సాయంత్రం మేం బయల్దేరే వేళకి డైరెక్టరుగారు హాలు గుమ్మం దగ్గరే ఉన్నారు. పైకెత్తిన కుడిచెయ్యి ఆ ఎత్తులోనే లక్కముద్రలతో స్తంభానికి కట్టి ఉంది. తెరిచిన గనిని తెరిచినట్టే భద్రపరచాలి కదా. ఆయన్ని విడుదల చేసే అధికారం రాష్ట్రంలో ఒక్క ఆయనకే ఉంది, సంతకం పెట్టాల్సింది ఆ చేత్తోనే. మరుసటి ముహూర్తం పెళ్లివారు వస్తూ, ఎవరో పెద్దాయన దీవిస్తున్నారనుకుని వరసగా కాళ్లకి దణ్ణాలు పెట్టి పోతున్నారు.

నన్ను చూసి ఆయన మొహం వికసించింది. "కోదండపాణీ! మంచి సమయమునకు వచ్చితివి. నా విడుదల ఉత్తర్వు నీవే రాయవలెను, ఎడమచేతి వేలిముద్ర చెల్లునట్లుగా. దానితోపాటు ఇంకొకటి. ఇక్కడ నిలబడి యోచించగా తట్టినది. బోరునీటిలో ఇనుమున్నదా, లేదా?"

"ఆనవాళ్లండీ..." అన్నాను.

"ఉన్నదా, లేదా? ఉన్నది! ప్రతి ఉదయమూ ప్రజలు ఆ ఇనుమును చెంబులతో నెత్తిన పోసుకొనుచున్నారు. స్నానమునకు లైసెన్సు! వెంటనే ముసాయిదా రాయుము. నీవు రాయనిదే ఏదీ కదలదు."

అది నిజం. మా మండలిలో నేను రాయనిదే ఏదీ కదలదు. జేబులో కలం కోసం చెయ్యి దానంతటదే వెళ్లింది. హైమ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏం రాసినా ముందు స్నానం. కంపు కొట్టకూడదన్నాను గానీ, ఆ సీసాల్లోది రాసుకోమన్నానా? పూటకోసారి నీళ్లు పోసుకోండి, చాలు. పదండి ఇంటికి."

నేను డైరెక్టరుగారికి వినయంగా నమస్కారం పెట్టాను. "చిత్తమండీ. స్నానం చేసొచ్చి రాస్తాను" అన్నాను.

ఇదంతా మీకు స్నానాలగదిలోంచే చెబుతున్నాను. అవతల సుభానీ తెల్లకాగితాలతో వచ్చి కూర్చున్నప్పుడల్లా హైమ కాఫీ ఇచ్చి, "ఇంకా అవలేదండీ" అని పంపిస్తోంది. ఇంకో బిందె తెచ్చి తొట్లో పోస్తోంది. నేను పోసుకుంటూనే ఉన్నాను.